బిగుసుకుపోయిన షాక్ అబ్జార్బరు బోల్టులు తీసే విధానం



పంట పండించడం ఒక ఎత్తు. పండినదానిని చెడకుండా బజారు చేర్చడం మరొక ఎత్తు. మన ఎస్. రాయవరం మండలంలో చెరకు, బెల్లం, కూరగాయలు, జీడి, రేవుపోలవరం ఒడ్డున పడిన చేపలు, ఇవన్నీ ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, కావళ్ల మీద వెళ్లేవి. ఇప్పుడు చాలావరకు నాలుగు చక్రాల చిన్న సరుకుల బండ్ల మీద వెళుతున్నాయి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి ఇటువంటి చిన్న బండ్లు పల్లెపల్లెకూ వచ్చాయి. సొంతానికి కొన్నవారున్నారు, నలుగురు కలిసి నడుపుకునేవారున్నారు, కిరాయికి తిప్పుకునేవారూ ఉన్నారు. ఎద్దు జబ్బుపడితే పశువైద్యుని పిలుస్తాం. మరి బండి జబ్బుపడితే? ఆ జబ్బులలో ఒకదానిని గురించి ఈ పూట చెప్పుకుందాం.

గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది ఈ సర్వసిద్ధి రాయవరంలోనే. వాడుక భాష కోసం పాటుపడిన మహనీయుని ఊరు ఇది. కాబట్టి నేను కూడా పుస్తకాల మాటలు పక్కనబెట్టి, షెడ్డులో మెకానిక్కులు వాడే మాటలతోనే చెబుతాను.

షాక్ అబ్జార్బరు పని ఏమిటి?

బండి బరువును మోసేది కమాను. గోతిలో చక్రం పడగానే కమాను వంగుతుంది, మళ్లీ లేస్తుంది. అక్కడితో ఊరుకోదు, ఉయ్యాల మాదిరిగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేదే షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె ఉంటుంది. లోపలి పిస్టను ఆ నూనెను సన్నని రంధ్రాల గుండా తోసుకుంటూ కదులుతుంది. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడినప్పుడు నెమ్మదిగా తీస్తే వస్తుంది, విసురుగా లాగితే బురద పట్టి ఉంచుతుంది గదా! షాక్ అబ్జార్బరు పని కూడా అచ్చంగా ఇంతే.

ఇది పాడైతే నష్టం ఏమిటి? చక్రం నేలను సరిగా పట్టదు. టైరు మెరకపల్లాలుగా అరుగుతుంది. టమాటా గంపలు నలుగుతాయి, బెల్లం దిమ్మలు విరుగుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటుంది. చక్రం నేల మీద ఎగురుతూ ఉంటే బ్రేకు వేసినా బండి ఆగవలసిన చోట ఆగదు. అడ్డరోడ్డు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నిండు బరువుతో అనకాపల్లి బజారుకు పోయే బండికి ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

దీనిని కనిపెట్టడం సులభం. గొట్టం మీద నూనె కారి దుమ్ము పేరుకొని ఉన్నదా చూడండి. ఖాళీ బండిని ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకటి రెండు ఊపులలో ఆగాలి. ఆ తరువాత కూడా ఊగుతూ ఉంటే మార్చవలసిన కాలం వచ్చిందన్న మాట. మార్చేటప్పుడు ఒక ఇరుసుకు రెండు పక్కలా ఒకేసారి మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి ఒక వైపు తూగుతుంది.

కొత్త షాక్ అబ్జార్బరు తెచ్చాం, పాతది తీసి కొత్తది పెట్టడమే గదా అనుకుంటాం. కానీ అసలు చిక్కు అక్కడే ఉంటుంది. బోల్టు కదలదు!

బోల్టు ఎందుకు బిగుసుకుపోతుంది?

ఇనుముకు నీరూ గాలీ కలిసి తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. మన మండలానికి సముద్రం ఉంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీరు నేరుగా బండి అడుగుకు చేరుతుంది. పోతే, చాలామంది గమనించని సంగతి మరొకటి: మనం చేనుకు వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా ఒక రకం ఉప్పే. పొటాష్ బస్తా చిరిగి గుండ బండి సందుల్లో పడి, దాని మీద వానచినుకు పడితే, సముద్రం లేని ఊళ్లో కూడా బండికి సముద్రపు తెగులే పడుతుంది.

తుప్పుకు ఇంకొక గుణం ఉంది. పోయిన ఇనుము కంటె పుట్టిన తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండింతలకు మించి ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ నడుమ ఉన్న సన్నని సందులో తుప్పు పుడితే, అది ఉబ్బి మేకు కొట్టినట్లు రెంటినీ బిగించి వేస్తుంది.

షాక్ అబ్జార్బరు బోల్టులో ఈ బిగువు రెండు చోట్ల పడుతుంది. మొదటిది నట్టు మరలలో. ఇది బయటికి కనిపిస్తుంది. రెండవది కంటిలో. షాక్ అబ్జార్బరు చివర ఉన్న గుండ్రని కంటిలో రబ్బరు బుష్షు, దాని నడుమ ఉక్కు గొట్టం, ఆ గొట్టంలో బోల్టు ఉంటాయి. బోల్టు ఒళ్లు ఆ ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుంటుంది. నట్టు ఊడి వచ్చినా బోల్టు బయటికి రాదు. ఈ తేడా తెలియక ఎందరో సుత్తితో బాది బాది బ్రాకెట్టును వంచుకుంటారు.

కాబట్టి మొదట పరీక్షించండి. నట్టు తీసిన తరువాత బోల్టు తలను పానాతో కొంచెం తిప్పి వదలండి. తల కొద్దిగా తిరిగి, రబ్బరు లాగినట్లు వెనక్కు వస్తే, బోల్టు గొట్టానికి అతుక్కున్నదని అర్థం. తల సాఫీగా చుట్టూ తిరిగితే రెండు కారణాలు ఉండవచ్చు: బోల్టు విడివడి అయినా ఉండాలి, లేదా రబ్బరు చిరిగి గొట్టంతో సహా తిరుగుతూ అయినా ఉండాలి.

ఏది పోయినా ఫరవాలేదు, ఏది పోరాదు?

పనిలోకి దిగే ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పాత షాక్ అబ్జార్బరు ఎలాగూ పారవేసేదే. బోల్టూ నట్టూ కొత్తవి దొరుకుతాయి. కానీ ఛాసీకి అతికి ఉన్న బ్రాకెట్టు, ఛాసీ మీది పిన్ను, బ్రేకు గొట్టం, మీ చేయి, ఇవి పోరానివి. కోయవలసి వస్తే చౌకైనదానిని కోయాలి, ఖరీదైనదానిని కాపాడుకోవాలి. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని పెద్దలు ఊరకే అనలేదు.

బండి అడుగున పడుకునే ముందు

బండిని గట్టి సమనేల మీద నిలపండి. సరుకు దించివేయండి. హేండు బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా చెక్కలు పెట్టండి. కమాను కట్టిన బండికి చాలావరకు చక్రాలు నేల మీద ఉండగానే షాక్ అబ్జార్బరు మార్చుకోవచ్చు, అదే క్షేమం. షెడ్డులో గొయ్యి ఉంటే ఇంకా మంచిది. బండిని లేపవలసి వస్తే జాకీ లేపడానికి మాత్రమే. నిలబెట్టి ఉంచడానికి ఇనుప స్టాండ్లు ఉండాలి. జాకీ ఒక్కదాని మీద ఆనించిన బండి అడుగున తల పెట్టరాదు. ఇటుకల పేర్పు మీద, రాతి ముక్కల మీద ఆనించడం అంతకంటె అన్యాయం. బిగుసుకుపోయిన బోల్టును లాగేటప్పుడు బండి కుదుపుకు లోనవుతుంది. జాకీ జారేది సరిగ్గా అప్పుడే.

మరొక హెచ్చరిక. కార్లకు, కొన్ని బండ్లకు ముందు చక్రాల దగ్గర షాక్ అబ్జార్బరు చుట్టూ పెద్ద చుట్టు స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది. దానికి పై నడిమి నట్టును విప్పితే స్ప్రింగు తుపాకి గుండులా లేస్తుంది, మనిషిని చంపగలదు. స్ప్రింగును నొక్కి పట్టే సాధనం, అది తెలిసిన మనిషి లేకుండా ఆ రకాన్ని ముట్టవద్దు. నేను ఇక్కడ చెప్పేది కమాను బండికి విడిగా అమర్చిన షాక్ అబ్జార్బర్లను గురించి మాత్రమే.

కళ్లద్దాలు తప్పనిసరి. పడుకొని పైకి చూస్తూ సుత్తి వేస్తే తుప్పు పొట్టు రాలేది కళ్లలోనే గదా!

పని ముందు రోజునే మొదలు

"ఏటండీ బాబూ, ఒక్క బోల్టు తీయడానికి రెండు రోజులా?" అని మీలో కొందరు నవ్వవచ్చు. విత్తనం నానబెట్టడానికి ఒక రాత్రి ఆగుతాం గదా! తుప్పు కూడా నానాలి. ఆ రాత్రి మనం పనిచేయనక్కర లేదు, నూనె పనిచేస్తుంది. సంతకు బయలుదేరే ముందు రాత్రి ఈ పని పెట్టుకోకండి. బోల్టు విరిగితే తెల్లవారి సరుకు పొలంలోనే కుళ్లుతుంది. బండికి రెండు రోజులు తీరిక ఉన్నప్పుడే మొదలు పెట్టండి.

మొదటి రోజు సాయంత్రం బండి అడుగును నీటితో కడిగి ఆరనివ్వండి. తరువాత వైరు బ్రష్షుతో నట్టు బయట కనిపించే మరలను తెల్లగా వచ్చేదాకా రుద్దండి. బురద మీద పోసిన నూనె బురదకే చేరుతుంది, మరలకు చేరదు. పైకి పొడుచుకు వచ్చిన మరలలో తుప్పు ఉంటే నట్టు ఆ గరుకు మీద నడవలేక మధ్యలో ఆగిపోతుంది.

శుభ్రం చేశాక తుప్పు వదిలించే నూనె వేయండి. స్పేర్ పార్టుల దుకాణంలో డబ్బాలో, స్ప్రేలో దొరుకుతుంది. ఇది పలుచగా ఉండి సన్నని సందుల్లోకి పాకుతుంది. దొరకనప్పుడు డీజిలు గాని కిరసనాయిలు గాని వాడవచ్చు, కాని వాటి పాకుడు శక్తి తక్కువ. మందపాటి ఇంజను ఆయిలు, గ్రీజు ఇందుకు పనికిరావు. అవి పైపైనే ఉండిపోతాయి. నట్టు వైపు, తల వైపు, కంటికీ బ్రాకెట్టుకూ నడుమ సందులో, అన్ని చోట్లా వేయాలి. నూనె బ్రేకు డ్రమ్ము మీద, బ్రేకు డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

నూనె వేసి చిన్న సుత్తితో నట్టు పలకల మీద చుట్టూ తేలికగా తట్టండి. ఈ తట్టుడు నట్టును తిప్పడానికి కాదు. అదురుకు తుప్పు పొరలో నెర్రెలు పడి నూనె లోపలికి దిగడానికి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారు జామున ఒకసారి మళ్లీ నూనె వేసి తట్టండి.

రెండవ రోజు: పానా పట్టే తీరు

నట్టుకు సరిగా సరిపడే ఆరు పలకల బాక్స్ పానా గాని, రింగు పానా గాని తీసుకోండి. నోరు తెరిచిన పానా, తిప్పి సరిచేసుకునే రెంచి ఈ పనికి కూడవు. అవి రెండు మూలల మీదే పట్టుతాయి. మూలలు అరిగి నట్టు గుండ్రమైతే ఇక పట్టు దొరకదు. తుప్పు తిన్న నట్టుకు పానా వదులుగా ఉంటే సుత్తితో తట్టి గట్టిగా ఎక్కించండి. రెండవ పక్క బోల్టు తలకు మరొక పానా వేసి బ్రాకెట్టుకు ఆనించండి.

నట్టుకు ఎదురుగా ముఖం పెట్టి చూసినప్పుడు ప్రదక్షిణంగా తిప్పితే బిగుసుకుంటుంది, అప్రదక్షిణంగా తిప్పితే వదులవుతుంది. బండి కింద తలకిందులుగా పడుకున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, జాగ్రత్త.

ఇప్పుడొక కిటుకు. మొదట విప్పే వైపుకు కాకుండా, బిగించే వైపుకు ఒక్క వెంట్రుకవాసి కదపండి. టక్కుమన్న చప్పుడు వస్తే తుప్పు పట్టు విడిపోయిందన్నమాట. అప్పుడు విప్పే వైపుకు తిప్పండి. పావు చుట్టు వచ్చాక బరువెక్కితే బలం చేయకండి. అర పావు చుట్టు వెనక్కు తిప్పి, నూనె వేసి, మళ్లీ ముందుకు తిప్పండి. ముందుకూ వెనక్కూ నడిపిస్తే తుప్పు పొడి అయి నూనెతో బయటికి వస్తుంది. ఒకే ఊపున లాగితే ఆ పొడే మరల మధ్య చిక్కి, వచ్చే నట్టు కూడా రాకుండా పోతుంది.

పానాకు పొడుగు గొట్టం తొడిగే అలవాటు అందరికీ ఉంది. దానిలోని లెక్క తెలుసుకోండి. 30 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలంతో నొక్కితే నట్టు మీద 6 కిలోగ్రాము-మీటర్ల తిప్పుడు పడుతుంది. అదే 90 సెంటీమీటర్ల గొట్టం తొడిగి అంతే బలంతో నొక్కితే 18 పడుతుంది. తల మీద 8.8 అని అచ్చు ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టును మామూలుగా బిగించేది 8, 9 కిలోగ్రాము-మీటర్లకే. ఒంటి చేత్తో నొక్కినా బోల్టు తన హద్దు దాటిపోతుంది. కాబట్టి గొట్టం తొడిగినప్పుడు కొంచెం కొంచెంగా బలం పెంచండి. బోల్టు తిరుగుతున్నదా, లేక లక్కలా సాగుతున్నదా అన్నది చేతికి తెలుస్తుంది. మెత్తగా, బరువు పెరగకుండా సాగుతూ ఉంటే విరగబోతున్నదని గుర్తు, వెంటనే ఆపండి.

వేడి చేయడం

నూనెకు లొంగనిది వేడికి లొంగవచ్చు. ఈ విద్య మనకు కొత్త కాదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీలో పెద్దలు చూసే ఉంటారు. కమ్మరి పట్టాను పిడకల మంటలో కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే బిగిసిపోయేది. ఇనుము ప్రతి 100 డిగ్రీల వేడికి మీటరుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 4.5 మీటర్ల చుట్టు ఉన్న పట్టా 300 డిగ్రీలు వేడెక్కితే 16 మిల్లీమీటర్లు సాగుతుంది. మన 12 మిల్లీమీటర్ల నట్టు రంధ్రం అదే వేడికి 0.04 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అది తలవెంట్రుక మందంలో సగం. అయినా తుప్పు పట్టు విడవడానికి అది చాలు.

కాబట్టి వేడి పెట్టవలసింది నట్టుకే, బోల్టుకు కాదు. మంట సన్నగా, త్వరగా నట్టు చుట్టూ తిప్పి, బోల్టు ఇంకా చల్లగా ఉండగానే పానా వేయాలి. రెండూ సమంగా కాలితే రెండూ సాగుతాయి, ఫలితం ఉండదు.

కానీ మంట విషయంలో గట్టి కట్టుబాట్లు ఉన్నాయి. షాక్ అబ్జార్బరు గొట్టంలో నూనె ఉంటుంది. కొన్ని రకాలలో ఒత్తిడితో నింపిన వాయువు కూడా ఉంటుంది. ఆ గొట్టానికి మంట తగిలితే పేలుతుంది. గొట్టానికి మంట వద్దు, కోత వద్దు, రంధ్రం వద్దు. పెట్రోలు టాంకు, గ్యాసు సిలిండరు, ఇంధనం గొట్టాలు, బ్రేకు రబ్బరు గొట్టం దగ్గరలో ఉంటే మంట మాట తలపెట్టవద్దు. నూనె స్ప్రే చేసిన వెంటనే మంట పెట్టరాదు. శుభ్రంగా తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగాలి. తెల్ల పూత ఉన్న నట్టు కాలితే వచ్చే పొగ, రబ్బరు కాలిన పొగ పీల్చరాదు. బకెట్టు ఇసుక పక్కన ఉండాలి, చూస్తూ ఒక మనిషి నిలబడి ఉండాలి. ఇన్ని జాగ్రత్తలు కుదరకపోతే మంట మానేసి కోతకు వెళ్లండి. ఒకసారి కాల్చిన బోల్టును, నట్టును మళ్లీ వాడకండి; వాటి పదును పోతుంది.

నట్టు వచ్చింది, బోల్టు రాదు

బోల్టు గొట్టానికి అతుక్కున్నదని పరీక్షలో తేలితే, రెండు చివరల నుంచీ నూనె ఎక్కించి, తలను పానాతో అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. తరువాత పాత నట్టునే బోల్టు చివరకు సమంగా వచ్చేటట్లు ఎక్కించి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి సుత్తి వేయండి. నట్టు లేకుండా కొడితే బోల్టు చివర పుట్టగొడుగులా విచ్చుకొని రంధ్రంలో నుంచి ఇక రాదు. గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు కొడితే చితుకు ఎగురుతుంది, అందుకే ఇత్తడి. చిన్న సుత్తితో పది దెబ్బల కంటె రెండు కిలోల సుత్తితో ఒక్క సూటి దెబ్బ మేలు. బ్రాకెట్టు వంగుతున్నట్లు కనిపిస్తే ఆపివేయండి.

అప్పటికీ రాకపోతే కోయడమే మార్గం. కంటికీ బ్రాకెట్టుకూ నడుమ సన్నని సందు ఉంటుంది. ఆ సందులో అంగుళానికి 24 పళ్లున్న హాక్సా బ్లేడు పెట్టి, రబ్బరునూ గొట్టాన్నీ బోల్టునూ కలిపి రెండు పక్కలా కోయండి. కన్ను కిందికి జారిపోతుంది. బ్రాకెట్టులో మిగిలిన ముక్కలను పంచితో బయటికి కొట్టండి. గ్రైండరుతో కోస్తే పని త్వరగా అవుతుంది గాని, నిప్పురవ్వలు ఎటు ఎగురుతున్నాయో చూసుకోవాలి. మంటకు చెప్పిన కట్టుబాట్లన్నీ దీనికీ వర్తిస్తాయి.

కొన్ని బండ్లకు బోల్టు ఉండదు. ఛాసీకే అతికిన పిన్ను ఉంటుంది, కన్ను ఆ పిన్ను మీద తొడిగి ఉంటుంది. అక్కడ పిన్నును కోశారా, ఛాసీకి చిల్లు పెట్టుకున్నట్లే. నట్టు రాకపోతే నట్టును పిన్నుకు సమాంతరంగా ఒక పలక మీద కోసి, ఉలితో చీల్చండి; నట్టు చీల్చే సాధనం కూడా దొరుకుతుంది. కన్ను రాకపోతే కంటి చుట్టును పొడుగునా కోసి, రబ్బరును కత్తితో తీసి, లోపలి ఉక్కు గొట్టాన్ని గాటు పెట్టి విప్పండి. పిన్ను మరలకు దెబ్బ తగలరాదు.

బోల్టు విరిగి ముక్క రంధ్రంలో మిగిలితే దిగులు పడకండి. పైకి కొంచెం పొడుచుకొని ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి, లోపలి నుంచి వెల్డింగు చేయించి, వేడి తగ్గుతుండగా పానాతో తిప్పితే తరచుగా వస్తుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి, ఎర్తు తీగను పనిచేసే చోటుకు దగ్గరగా పట్టించండి. లోపలే విరిగితే నడిమధ్య పంచితో గుర్తు పెట్టి, మొదట సన్నని డ్రిల్లుతో, తరువాత లావు డ్రిల్లుతో తొలవాలి. ఇది అలవాటున్న చేతికే అప్పగించడం మంచిది.

కొత్తది బిగించే తీరు

తీయడం సగం పని మాత్రమే. బిగించడంలోనే ముందు రోజుల సుఖదుఃఖాలు ఉన్నాయి. తిరిగి అయిదేళ్లకు ఇదే బోల్టును విప్పవలసిన మనిషిని తలచుకొని బిగించండి. ఆ మనిషి మీరే కావచ్చు.

పాత ఇనుము డబ్బాలో నుంచి దొరికిన బోల్టు పెట్టకండి. అదే లావు, అదే పొడవు, తల మీద అదే అంకె ఉన్న కొత్త బోల్టు, కొత్త లాకు నట్టు కొనండి. మెత్తని కడ్డీకి మరలు తీసి బిగిస్తే అది గోతిలో తెగుతుంది.

బ్రాకెట్టు రంధ్రాన్ని తుప్పు లేకుండా రుద్దండి. బోల్టు ఒంటికీ, బుష్షు గొట్టం లోపలా తుప్పు పట్టనివ్వని రాగి గ్రీజు పలుచగా పూయండి. మన పెద్దలు గడ్డి మసి, ఆముదం కలిపి ఇరుసుకు కందెన వేసింది ఎందుకు? ఇందుకే. మరలకు మాత్రం బండి పుస్తకంలో చెబితేనే పూయండి. మరలు జారుడుగా ఉంటే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. రబ్బరుకు గ్రీజు తగలనివ్వకండి.

బోల్టును మొదట చేతితోనే బిగించండి. చివరి బిగింపు బండి తన చక్రాల మీద మామూలుగా నిలిచి ఉన్నప్పుడే చేయాలి. చక్రాలు వేలాడుతూ ఉండగా బిగిస్తే, బండి దిగగానే బుష్షు రబ్బరు మెలి పడి, ఎప్పటికీ ఆ మెలిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. బిగింపు ఎంత అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. టార్కు రెంచితో అంతే బిగించండి. మొదటి బరువు దించిన తరువాత ఒకసారి సరిచూసుకోండి.

మళ్లీ పట్టకుండా

చేపలు గాని, ఎరువులు గాని మోసిన నాడే బండి అడుగును మంచినీటితో కడగండి. పైన తొట్టి కడిగి అడుగును వదిలేస్తే ఉప్పు అడుగునే చేరుతుంది. వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి బోల్టు చివరలను రుద్ది, తుడిచి, మరల మీద గ్రీజు గాని మైనం పూత గాని వేయండి. ట్రాక్టరు ట్రైలర్లకు సాధారణంగా షాక్ అబ్జార్బర్లు ఉండవు గాని, వాటి కమాను పిన్నులు, బోల్టులు ఇదే రీతిగా పడతాయి. ఈ పద్ధతులే వాటికీ వర్తిస్తాయి. నాగలి కర్రుల బోల్టులకు, స్ప్రేయరు పంపు బోల్టులకు కూడా అంతే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట

మనం విత్తనశుద్ధి ప్రదర్శన చేసినట్లే దీనికీ ఒక ప్రదర్శన చేయవచ్చు. పాత ఇనుము దుకాణం నుంచి తుప్పు పట్టిన బ్రాకెట్టు, బోల్టు రెండు జతలు తెండి. ఒక జతకు ముందు రోజు నూనె వేయండి, రెండవదానికి వేయకండి. నలుగురి ఎదుటా రెంటినీ విప్పించండి. మనం చెప్పవలసింది ఆ బోల్టులే చెబుతాయి. రైతు సంఘానికి ఒక పెట్టె సమకూర్చండి: రెండు ఇనుప స్టాండ్లు, చక్రాలకు చెక్కలు, ఆరు పలకల బాక్స్ పానాలు, వైరు బ్రష్షు, తుప్పు నూనె, ఇత్తడి ముక్క, హాక్సా, కళ్లద్దాలు. ఇంటింటికీ కొననక్కర లేదు, ఊరికి ఒకటి చాలు. సహకారం మన ప్రాంతానికి కొత్తదా? ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార పద్ధతిన చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. అంత పని చేసినవారికి ఒక పనిముట్ల పెట్టె ఏపాటి?

గుర్తుంచుకోవలసినవి

1. సంతకు ముందు రాత్రి ఈ పని పెట్టుకోరాదు; బండికి రెండు రోజుల తీరిక చూసుకోవాలి.

2. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి అడుగుకు పోరాదు.

3. రుద్దడం, నూనె, తట్టడం ముందు రోజు, పానా మరునాడు.

4. మొదట బిగించే వైపుకు వెంట్రుకవాసి, తరువాత విప్పే వైపుకు. ముందుకూ వెనక్కూ నడపాలి.

5. వేడి నట్టుకే. షాక్ అబ్జార్బరు గొట్టానికి మంట, కోత, రంధ్రం ఏవీ కూడవు.

6. కోయవలసి వస్తే పాత షాక్ అబ్జార్బరును, బోల్టును కోయాలి. ఛాసీ పిన్నును, బ్రాకెట్టును కాపాడాలి.

7. కొత్త బోల్టు, కొత్త నట్టు. ఒంటికి రాగి గ్రీజు. చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే.

సోదరులారా! తుప్పు ఏళ్ల తరబడి పట్టుకున్నదానిని మనం ఒక్క నిమిషంలో విడిపించాలనుకోవడం న్యాయం కాదు. దానికి ఒక రాత్రి గడువివ్వండి. మీ బోల్టు, మీ బండి, మీ సరుకు, అన్నిటికంటె విలువైన మీ ప్రాణం, అన్నీ క్షేమంగా ఉంటాయి.